ఎర్ర గుర్తులు

మెట్టుగడ్డ కాడ పొద్దుగాల ఏడింటికి
నా ఆటోల ముందటి సీటు అంచుకు
సగం లోపల, సగం బయట కూసుంటడు ఊశన్న.
ఎనకాల ఆరుగురు, నా పక్కన ఇంకొకడు,
కాళ్ళ కాడ ఎవరిదో కోళ్ళగంప.
"జారకు తాతా" అంటే
"జారేటోణ్ణైతే బొంబాయిల మూడో అంతస్తు మీదనే జారుదును" అంటడు.

మూడేండ్ల కింద
పసుపుపచ్చ టోపీలోళ్ళు వచ్చి
మూడుకాళ్ళ దుర్భిణి నిలవెట్టి
ఒంటికన్నుతోని మా రోడ్డును సూసిన్రు.
మెట్టుగడ్డ నుంచి క్లాక్ టవర్ దాకా,
ఆడికెంచి బోయపల్లి గేటు దాకా
యాభై అడుగులకొక ఎర్ర గుర్తు.

ట్రామొస్తదట.
పొగ ఉండదట, హారన్ ఉండదట,
పది రూపాయలకు ఊరంత తిప్పుతదట.
ఆ దినం మా అడ్డాల చాయ చల్లారిపోయింది.
ఖాజా మియా ఒక్కడే అగ్గిపెట్టె మీద లెక్కగట్టిండు:
ఒక్క ట్రాముకు ఎనభై మంది,
అంటే పది ఆటోలు.
నాకప్పటికి ముప్పై ఒక్క కిస్తీలున్నయి.

ఊశన్న మాత్రం తువ్వాల దులిపి నవ్విండు.
"ట్రామును బొందవెట్టినోణ్ణి రా నేను" అన్నడు.

కలకత్తలనట.
గుంపు మేస్త్రీ ఎంబడి పోయిండట, పెండ్లై ఆర్నెల్లు గూడ కాలేదట.
పనంత రాత్రిపూటనే.
పట్టాల నడుమ రాళ్ళను గడ్డపారతోని లేపుడు,
తారు కాసుడు, పోసుడు, మీదికెంచి రోలర్ తొక్కుడు.
"పట్టా కండ్లు మూసుకున్నట్టే అయితుండె.
తెల్లారినంక, మిగిలిన తోవ మీద
గదే ట్రామెక్కి గుడిసెలకు పోతుంటిమి.
కాలితోని గంట గొట్టుకుంట నడిపేటోడు
మా చేతుల తారు సూస్తుండె, మొకం సూడకపోతుండె.
వానికెరుకే, మాకెరుకే.
భాష రాదాయె, ఏమందుము."

రేషన్ కార్డు కవర్ల దాసుకున్నడు టికెట్టు,
బీడీ ఆకు కన్న పల్చగున్నది.
అచ్చరాలు ఎగిరిపోయినయి. ఏ తోవకు కొన్నడో ఆయనకే యాదికి లేదు.

ఆడ అడ్డమని తీసిన్రు,
ఈడ కావాలంటున్రు.
ఎవని మాట నిజమో అడిగితే
"నన్నడిగితే? తవ్వమన్న కాడ తవ్విన" అన్నడు.

గుర్తులు మెల్లమెల్లగ రాలినయి.
కొత్త బస్టాండ్ ముందట ఒక దాని మీద జామకాయల బండి నిలబడ్డది.
ఇంకో దాని మీద పోరగాళ్ళు గోళీలాడిన్రు.
ఆఫీసుల అడిగితే ఫైలు హైదరాబాద్ పోయిందన్నరు,
గదే ఆఫీసుల ఇంకొకాయన అసలు ఫైలే లేదన్నడు.
నేను గూడ, దొంగతనం ఎందుకు,
రోజూ ఒక గుర్తు మీద టైరు ఎక్కించి తిప్పిన, తొందరగ పోవాలని.
మా శ్రావ్య ఏడో తరగతి.
బడిల ట్రాము బొమ్మ గీసింది, పచ్చ రంగుది.
ముందటి అద్దం ఎనక ఖాకీ అంగీతోని నిలబడ్డది నేనే.
ఆ కాయిదం చింపలేదు. ఎవ్వరికీ సూపియ్యలేదు.

పోయిన వారం కొత్తగ తారేసిన్రు.
ఒక్క గుర్తు లేదిప్పుడు.
ఆటో ఎన్నపూస మీద పోయినట్టు పోతున్నది.
అడ్డాల ఖాజా మియా జిలేబీ పంచిండు, నేను గూడ రెండు తిన్న.

పొద్దుగాల ఊశన్న అంచు మీదికెంచి వంగి
కిందికే సూసుకుంట కూసున్నడు.
"పోయింది గద తాతా, పీడ" అన్న.
క్లాక్ టవర్ దాకా మాట్లాడలే.
దిగినంక అన్నడు:
"మేము గూడ గట్లనే అనుకుంటిమి.
పోసి మూడు దినాలు కాలే, వాన గొట్టింది.
లేచి సూస్తే తారు పలిగి
పట్టా నిగనిగ."

"అది ఇనుము తాతా, ఇది ఉత్త రంగు" అన్న.

ఇన్నడో, ఇననట్టు చేసిండో,
తువ్వాల నెత్తికి సుట్టుకొని
మబ్బుల దిక్కు ఒక్కపారి సూసి
పైసలియ్యకుండనే పోయిండు.

మిరుగుకు ఇంకా పన్నెండు దినాలున్నది.